మట్టయ్య తాత కోసిన కుర్చీ కాళ్లు

మట్టయ్య తాత ఏ చెక్కనైనా ముందు చేత్తో చూస్తాడు, ఆ తర్వాతే కంటితో. మరమ్మతుకు కుర్చీ వచ్చిందంటే దాని పక్కన గొంతుకూర్చుని, కళ్లు మూసుకుని మెల్లగా తడుముతాడు. ఎక్కడ అతుకు వదిలిందో, ఎక్కడ పురుగు తిన్నదో వేళ్లకే తెలిసిపోతుంది. "బర్రెను కొనేటోని లెక్క జూస్తడు" అని లచ్చమ్మ అవ్వ నవ్వుతుంది. అవ్వ ఆయన భార్య. ఎల్బీ నగర్ నుంచి కొత్తపేటకు వచ్చే రోడ్డు మీద ఒక సందులోకి తిరిగితే వాళ్ల రేకుల షెడ్డు. సగంలో తాత వడ్ల పని, అంటే వడ్రంగం, సగంలో అవ్వ చాయ్ పొయ్యి. తాత దగ్గర పడే చెక్క ముక్కలన్నీ అవ్వ పొయ్యిలోకి పోతాయి. అందుకే ఆ చాయ్‌కి ఒకరోజు టేకు వాసన, ఒకరోజు వేప వాసన.

నా చదువు పదో తరగతి మధ్యలో ఆగింది. మా నాయిన లారీ మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక ఇంట్లో పెద్దదాన్ని నేనే కాబట్టి పనికి పోవాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పెట్టారు. గడప దగ్గర నిలబడి "రండక్కా, చూడండక్కా" అని పిలవాలి. నాకు నోరు పెగల్లేదు. నెలన్నర చూసి "ఈ పిల్లకు మాటలొచ్చినంక పంపుండ్రి" అన్నారు. లచ్చమ్మ అవ్వది నల్గొండ దిక్కున మా అమ్మ పుట్టిన ఊరే. ఆమె వచ్చి, "మా దగ్గర మాట్లాడే పనే లేదు. గరుకు కాయితం వెట్టి రుద్దుడే. సంతోషిని నాతోని తోలు" అని నన్ను తీసుకుపోయింది. అది రెండు వేల పదకొండు ఉగాది దాటిన కొత్తలో.

తాత ఊళ్లో ఉన్నప్పుడు నాగళ్లు, బండి చక్రాలు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక నాగలి అడిగేవాళ్లు తగ్గిపోయి, ఎనభై నాలుగులో రంపం, బాడిశ సంచిలో వేసుకుని పట్నం వచ్చాడు. అప్పుడు ఎల్బీ నగర్‌లో ప్లాట్ల రాళ్లు తప్ప ఏమీ లేవని చెప్తాడు. ఇళ్లు లేచినకొద్దీ వాటికి దర్వాజాలు పెట్టాడు. ఈ చుట్టుపక్కల ఏ కాలనీలోకి పోయినా ఏదో ఒక గుమ్మాన్ని పోతూ పోతూ అరచేత్తో తాకుతాడు. అది ఆయన చేసిందని అర్థం. ప్లైవుడ్ వచ్చాక కొత్త పని ఒప్పుకోవడం మానేశాడు. "గది చెక్క గాదు, అట్ట" అంటాడు. పాత సామాను బాగుచేస్తాడు, అంతే.

ఆయన దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, అమాస నాడు పనిముట్టు ముట్టడు. ఉలులు, రంపాలు, చిత్రిక అన్నీ కడిగి బల్ల మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, ఊదుబత్తి ముట్టించి, ఆ రోజంతా ఊరికే కూర్చుంటాడు. వడ్లవాళ్లందరికీ ఆ పద్ధతి ఉంది గానీ, పట్నంలో చాలామంది వదిలేశారు. తాత వదల్లేదు. రెండోది, ఆయన చేతి నుంచి పోయే ఏ కుర్చీ అయినా మట్టంగా ఉండాలి. రసమట్టం పెట్టి చూస్తాడు. గాజు గొట్టంలో నీటిబుడగ సరిగ్గా నడిమికి వస్తేనే బయటికి పంపుతాడు.

ఆ రెండూ ఒకే కుర్చీ దగ్గర ఎదురుపడతాయని అప్పుడు మాకేం తెలుసు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గుగనుల వాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు కాబట్టి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలియదు. మా ఎదురుగా మహిపాల్ అన్న ఫర్నిచర్ దుకాణం ఉంది. ఆయన పనంతా మెషీన్ల మీదే. మెషీన్లకు గుడ్డ కప్పి, తలకు 'జై తెలంగాణ' రిబ్బను కట్టుకుని, పొద్దున్నే చౌరస్తాలో సమ్మె టెంటుకు పోయేవాడు. పోయేముందు అవ్వ దగ్గర చాయ్ తాగి, తాతను నాలుగు మాటలు అనందే ఆయనకు తెల్లవారదు.

"ఏంది తాతా, రాష్ట్రమంత సమ్మె జేస్తుంటె నువ్వు రంపం గుంజుతున్నవ్?"

"నా రంపం కరెంటు తినదు గదరా."

"గది గాదు. జర టెంటుల కూసో, పేపర్ల ఫోటో వడ్తది."

"నేను వచ్చి కూసుంటె మీ టెంటు బల్లలు సూసి ఊకుంటనా? ఒక్కటన్న మట్టంగ ఉన్నదా?"

అలాంటి ఒక పొద్దున శేషారత్నం గారు నడుచుకుంటూ వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో వాళ్ల ఇల్లు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఎనభై ఆరులో ఆ ఇంటికి దర్వాజాలన్నీ తాతే పెట్టాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, అవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పారు.

"మట్టయ్యా, మా కుర్చీ కాలు ఊగిపోతోందయ్యా. ఆయన మంచం మీద వాలితే ఊపిరందదు. ఆర్నెల్ల నుంచీ ఆ కుర్చీలోనే నిద్ర. నిన్న కూర్చోబోతే పక్కకి ఒరిగిపోయింది. రాత్రంతా కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నారు."

మేము తోపుడు బండి తీసుకుని ఆమె వెనకే పోయాం. ఆమె భర్త విశ్వేశ్వరరావు సారు కిటికీ చువ్వ పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. బక్కపలచని మనిషి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. కానీ తాతను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"రావయ్యా మట్టయ్యా! నీకొక గొప్ప వడ్రంగిని పరిచయం చేస్తాను, చూడు" అని కుర్చీ వైపు చెయ్యి చూపించారు.

అలాంటి కుర్చీని నేనెప్పుడూ చూడలేదు. వెడల్పుగా, కిందికి ఉంది. మన పడక కుర్చీలా గుడ్డ వేలాడదు, ఆఫీసు కుర్చీలా నిటారుగానూ ఉండదు. చేతులు మోచేయి దగ్గర వెడల్పై, వేళ్లు వచ్చే చోటికి సన్నబడి, చివర నున్నగా వంగి ఉన్నాయి. ఎక్కడా మేకు లేదు. ఎక్కడ ఒక చెక్క అయిపోయి ఇంకో చెక్క మొదలైందో కంటికి దొరకదు. కూర్చునే చోట సన్నటి తాడుతో అల్లిక. సారు కూర్చుని కూర్చుని దాని నడిమి భాగం నిగనిగలాడుతోంది.

సారు ఒక్కో మాటకు ఆగుతూ చెప్పారు. ఆయన పాల డెయిరీ ఇంజనీరు. అరవై మూడులో పని నేర్చుకోవడానికి డెన్మార్క్ పంపించారట. పదకొండు నెలలు. ఆయన గది కింద వడ్రంగి దుకాణం, అందులో నలుగురే మనుషులు. చలికి ఎక్కడికీ పోలేక సాయంత్రాలు వాళ్ల దగ్గరే కూర్చునేవారట. "మాట ఒక్కటీ తెలిసేది కాదు. వాళ్ల చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి. వచ్చేటప్పుడు బట్టల పెట్టె అక్కడ వదిలేసి దీన్ని ఓడెక్కించాను."

"పెళ్లయి ఏడాదైనా కాలేదు" అన్నారు శేషారత్నం గారు. "నాకేం తెస్తారో అని ఎదురుచూస్తే కుర్చీ తెచ్చారు. పోనీ రెండు తెచ్చారా? ఒక్కటి! నన్నెక్కడ కూర్చోమనుకున్నారో ఇప్పటికీ చెప్పలేదు."

తాత ఇవేమీ వినడం లేదు. కళ్లు మూసుకుని కుర్చీని తడుముతున్నాడు. అల్లిక దగ్గర చెయ్యి ఆగింది.

"గిది ఏం నార సారూ?"

"నార కాదు, కాగితం. యుద్ధం రోజుల్లో వాళ్లకి గడ్డి తాడు దొరక్క కాగితాన్ని పేనారట. అదే బాగుందని ఉంచేసుకున్నారు."

"కాయితమా!" తాత కళ్లు తెరిచాడు. "గిన్నేండ్లు మనిషిని మోసిందా?" తర్వాత కుర్చీ చేతిని నిమురుతూ, "ఎవడు జేసిండో గానీ, మనోడే" అన్నాడు.

వదిలింది వెనక ఎడమ కాలి అతుకు. షెడ్డుకు తెచ్చి తాత దాన్ని విప్పి, పాత జిగురు గీకి, సరేసు కాచి పోసి, మళ్లీ కూర్చాడు. సరేసు అంటే తోలు ఉడికించి తీసే జిగురు. అవ్వ పొయ్యి మీద దాన్ని కాచిన ప్రతిసారీ ఇద్దరికీ తగువే. "నా చాయ్ గంజుల పక్కన నీ తోలుకూర ఏంది?" అంటుంది ఆమె. కాలు రాయిలా గట్టిపడింది. పని అయిపోయినట్టే.

అప్పుడు తాత రసమట్టం పెట్టాడు. బుడగ ముందు వైపుకు పరిగెత్తింది. కుర్చీ వెనక్కి వాలి ఉంది, రెండు అంగుళాలకు తక్కువ కాదు.

"చూసినవా బిడ్డా, వెనక కాళ్లు తరిగినయ్" అన్నాడు.

ఆయన అలా అనుకోవడంలో వింత లేదు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు. గోడవారగా ఉండే వెనక కాళ్ల అడుగున ఆ తడి ఆరదు. చివికి చివికి కురచైపోతాయి. అలాంటి కుర్చీలు తాత వందల్లో బాగుచేసి ఉంటాడు. వెనక కాళ్లకు ముక్క అతికితే అతుకు కనబడుతుంది. అంత చక్కటి కుర్చీకి అతుకు పెట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు. ముందు కాళ్లు కోసి సమం చేస్తే సరి అనుకున్నాడు.

అంతకుముందు కుర్చీని తిరగేసి కాళ్ల అడుగులు రుద్దింది నేను. నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయి. నాలుగింటి అంచులూ గుండ్రంగా, ఒకే నలుపు. వెనక కాళ్లకు చివికిన మెత్తదనం లేదు. ఎవరో ఎప్పుడో కావాలనే అలా చేశారని నాకు అనిపించింది. తాత రంపం అందుకుంటుంటే నేను నిలబడిపోయాను.

"ఏందమ్మా?" అన్నాడు.

"ఏం లేదు తాతా."

అంతే అన్నాను. ఆయన నలభై ఏళ్లుగా చెక్కతో బతికినవాడు. నేను ఆర్నెల్ల నుంచి కాగితం రుద్దుతున్నదాన్ని. రంపం నాలుగుసార్లు ఆడింది. రెండు ముక్కలు నేల మీద పడ్డాయి. అలవాటు ప్రకారం నేనే వాటిని ఊడ్చి అవ్వ కట్టెల బుట్టలో వేశాను. బుడగ నడిమికి వచ్చింది. తాత మురిసిపోయాడు.

ఆదివారం కుర్చీని బండి మీద పెట్టుకుని బయల్దేరాం. కొత్తపేట దగ్గర సమ్మెవాళ్లు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. పెద్ద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్లు రోడ్డు నడుమ కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. మహిపాల్ అన్న గంటె పట్టుకుని కనబడ్డాడు.

"ఏ మంత్రిది తాతా గా కుర్చీ? రాజీనామ జేసిండా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు.

"పానం బాగలేని మనిషిదిరా. తొవ్వ ఇడువు."

"ఎవరాయన?"

"మా విశ్వేశ్వరరావు సారు."

"గట్ల జెప్పు. ఆంధ్రోళ్ల కుర్చీకి ఎండల పడి తోస్తున్నవన్నట్టు." అలా అంటూనే మహిపాల్ అన్న అందరినీ పక్కకు జరిపి, గంజుల మధ్యలోంచి బండికి దారి చేసి, విస్తరాకులో అన్నం పెట్టి ఇద్దరికీ ఇచ్చాడు. నిలబడే తిన్నాం.

సారు కుర్చీలో కూర్చున్నారు. "గట్టిగా ఉందయ్యా" అన్నారు. తాత చెయ్యి పట్టుకుని ఊపారు. కాఫీ తాగి వచ్చేశాం. వచ్చేటప్పుడు ఆయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుని ఉండటం చూశాను. మొదటిసారి చూసినప్పుడు కిటికీ చువ్వను పట్టుకుంది కూడా అలాగే. చూసి కూడా ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం శేషారత్నం గారు మళ్లీ నడిచి వచ్చారు. ఈసారి మంచినీళ్లు కూడా తీసుకోలేదు.

"ఏం చేశావయ్యా మట్టయ్యా? ఆయన దాంట్లో నిలవట్లేదు. వాలితే ముందుకి జారిపోతున్నారు. వీపు ఆనదు, మెడ ఆనదు. రాత్రి ముందు కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టాను. కాళ్లు వాలుగా ఉన్నాయి కదా, జారి దభీమని కూలబడింది. పక్కన నేను లేకపోతే ఆయన పడిపోయేవారే. మూడు రాత్రులు దాటాయి సరిగ్గా నిద్రపోయి. మనిషి మాట తడబడుతోంది." "నాకు భయంగా ఉంది."

తాత "మట్టంగ జేసిన గదమ్మా" అన్నాడు, ఆయనలో ఆయనే.

నేను ఎలా నోరు తెరిచానో నాకే తెలియదు. "తాతా, నాలుగు కాళ్లు ఒక్క తీరుగనే ఉండె. అడుగున నేను జూసిన. వెనక కాళ్లు చివకలె. గది కావాల్నని వెనక్కి వాల్చి జేసిన కుర్చీ."

"ఎప్పుడు జూసినవ్?"

"కోసేటి ముందే."

అవ్వ చేతిలో గంటె ఆగిపోయింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. తాత తిడతాడని, పనిలోంచి తీసేస్తాడని కాదు. ఆ ముసలాయన నిద్ర నా నోట్లో ఆగిపోయిందని.

తాత నన్ను చూశాడు. తర్వాత శేషారత్నం గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా. పిల్ల జూసింది. నాకు బుడగ తప్ప ఇంకేం కండ్లవడలె. దానికి చెప్పే సందు గూడ ఇయ్యలె నేను."

ఆ మాట ఆయన అక్కడ, నా ముందు, ఆమె ముందు అన్నాడు. మా ఇంట్లో గానీ, బడిలో గానీ, చీరల దుకాణంలో గానీ పెద్దవాళ్లెవరూ అలా అనగా నేను వినలేదు.

వెంటనే కోసిన ముక్కల కోసం చూశాం. అవ్వ కట్టెల బుట్ట బోర్లించింది. ఒకటి దొరికింది. రెండోది పొద్దున్నే పొయ్యిలో పడిపోయింది. "అయ్యో, డెన్మార్క్ కట్టెతోని చాయ్ గాసిన్నా" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. దొరికిన ఆ ఒక్క ముక్కే మాకు కొలత అయింది. దాన్నే తిరిగి అతికించడం కుదరదు. రంపం తిన్న పొడి మేరకు పొట్టి అవుతుంది. పైగా అడ్డంగా కోసిన చోట జిగురు నిలవదు. కాలును పైనుంచి ఏటవాలుగా చెక్కి, అదే వాలులో పొడవాటి కొత్త ముక్క చెక్కి, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకునేట్టు అతకాలి. సైదాబాద్‌లో కూల్చిన ఒక పాత ఇంటి దర్వాజా టేకు ముక్క తాత దాచిపెట్టుకుని ఉన్నాడు. రంగు దాదాపు కలిసింది.

కుర్చీని తెచ్చేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. దీపం వెలుగులో అంత సన్న పని తాత కళ్లకు ఆనదు. "తెల్లారి జేద్దాం" అన్నాడు.

"తెల్లారితే అమాస" అంది అవ్వ.



పొద్దున నేను పోయేసరికి తాత స్నానం చేసి, పనిముట్లకు బొట్లు పెట్టి, బల్ల పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ కూడా. అవ్వ తంగేడు పూలు ముందేసుకుని, చేతులు పూలలో, నోరు తాత మీద.

"అమాస అమాస అని కూసుంటె ఆయన పానం పోతె? దేవుడు గింత మాత్రం తెల్వనోడా?"

"దేవునికి భయపడి గాదే."

"మరెందుకు?"

"మా నాయిన చేతుల నుంచి నా చేతులకు వచ్చినయ్ గివి. నెలకు ఒక్క దినం ఇడ్వమన్నడు. నలభై ఏండ్లల ఒక్కటే అడిగిండు నన్ను." కుర్చీ వైపు చూడలేకపోతున్నాడు, చూడకుండా ఉండలేకపోతున్నాడు. చేతులు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కాసేపటికి నన్ను పిలిచాడు.

"సంతోషీ, మీ ఇంట్ల అమాసకు ఏం పట్టింపు?"

"ఏం లేదు తాతా. ఇయ్యాల బతుకమ్మ పేరుస్తం, అంతే."

"అయితే అమాస నా చేతులకు. నీ చేతులకు లేదు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పటిదాకా నేను ఉలి పట్టింది లేదు. దుమ్ము తుడవడానికి తప్ప వాటిని ముట్టనే లేదు.

"నాకు రాదు తాతా."

"నేను జెప్త. నువ్వు జెయ్యి."

మరి పనిముట్లు? బొట్టు పెట్టినవి ఆ రోజు లేవవు. అవ్వ కేకేసి మహిపాల్ అన్నను పిలిచింది. సంగతి విని ఆయన నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"నేను టెంటుకు పోవాలె. నన్ను ఆపి ఆంధ్రాయన కుర్చీకి ఉలి అడుగుతున్నరా? గింత ధైర్యమా తాతా?"

"ఉంటె ఇయ్యి. లేకుంటె పో."

మహిపాల్ అన్న దుకాణం షట్టర్ ఎత్తాడు. రెండు ఉలులు, ఒక రంపం తెచ్చి నా ముందు పెట్టాడు. తాత ఉలి అంచు చూసి, "వీటితోని వెన్న గూడ తెగదురా" అన్నాడు. "మెషీన్లు జెయ్యవట్టి మర్చిపోయిన తాతా" అని మహిపాల్ అన్న ఇబ్బందిగా నవ్వాడు. గంటసేపు సానరాయి మీద నూరాను. టెంటుకు పోతానన్న మనిషి పోకుండా రాయి మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. తాత కంటితో చూసేవాడు కాదు, వేళ్లతో చూసేవాడు. ఆ రోజు చెక్కను కూడా ముట్టనన్నాడు, ముడితే చెయ్యి ఆగదని. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకు తెలుస్తలేదు. నువ్వు జెప్పాలె. ఉలి కింద ఎట్లున్నది?"

"గట్టిగున్నది."

"గట్టిగ అంటె? గీకుతున్నదా, కోస్తున్నదా?"

"గీకుతున్నది. ఎదురొస్తున్నట్టున్నది తాతా."

"అయితే చెక్కను తిప్పు. నరం అటు వోతున్నది. ఇప్పుడు?"

"ఇప్పుడు ఉల్లిపొర లెక్క వస్తున్నది."

"చప్పుడు?"

"సన్నగ ఉన్నది, గడ్డి కోసినట్టు."

"ఆఁ. గట్ల చెప్పు."

చెప్పాను. ఆగకుండా చెప్పాను. వాలు ఎక్కడ ఎత్తుగా ఉందో, ముక్కను కాలి మీద పెడితే ఎక్కడ వెలుతురు దూరుతోందో, ఎక్కడ ఆనుతోందో, ఏది ఏ రంగులో ఉందో అన్నీ. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. మొదటి ముక్క పాడుచేశాను. పక్కనున్న మహిపాల్ అన్న ఏదో అనబోతే అవ్వ ఒక తంగేడు కొమ్మ విసిరింది. రెండోదీ మూడోదీ కుదిరాయి. సరేసు పోసి, తాడు చుట్టి బిగించి, అడ్డంగా వెదురు మేకు దిగేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సాయంత్రందాకా ఎండకు పెట్టి, గరుకు కాగితంతో రుద్దాను. తాత రసమట్టం అడగలేదు. దొరికిన పాత ముక్కను పక్కన పెట్టి చూపించమన్నాడు. చూపించాను. తల ఊపాడు.

బండి తోస్తూ పోతుంటే ప్రతి సందులోనూ ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని ఎదురొస్తున్నారు. ఈసారి మహిపాల్ అన్న కూడా ఒక వైపు పట్టాడు. "గీ కాలనీల నన్నెవరన్న జూస్తె టెంటుల నా పరువు పోతది" అంటూనే ఇంట్లోకి కుర్చీ మోశాడు.

శేషారత్నం గారు సారును రెక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన మెల్లగా వెనక్కి వాలారు. నేను గోడకు ఆనుకుని, ఆయన చేతుల్నే చూస్తున్నాను. అవి కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్క వేలూ వదులైంది. ఈల చప్పుడు సాగి, సాగి, లోతుకు దిగింది. ఆయన ఏదో చెప్పబోయారు, "మట్టయ్యా, నీ..." అని. ఆ మాట అయిపోలేదు. నోరు తెరిచే నిద్రపోయారు.

శేషారత్నం గారు కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయారు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మహిపాల్ అన్న ముందుకు పోయి చప్పుడు కాకుండా ఆ గ్లాసులు అందుకున్నాడు. తాత తలుపు తీయబోతే అది కిర్రుమంది. తన చేత్తో పెట్టిన తలుపే. ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుని వద్దని సైగ చేశారు. ముగ్గురం నేల మీద కూర్చుండిపోయాం.

తాత కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి ముందు కాళ్ల అతుకుల్ని తడిమాడు, కళ్లు మూసుకుని. చాలాసేపు తడిమాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఎడమ దిక్కు జర ఎక్కువ రుద్దినవ్" అన్నాడు.

"కుడి దిక్కు?" అన్నాను నేను, అంతే మెల్లగా.

"దానికి వంక పెట్టేది లేదు."

రెండేళ్లయింది. ఇప్పుడు రోజూ ఉలి పడుతున్నాను, అమాస నాడు తప్ప. ఆ రోజు నాకూ సెలవే, తాత ఇచ్చాడు. ఏ కుర్చీ వచ్చినా ముందు నన్ను తిరగేసి చూడమంటాడు. చూసి ఊరుకుంటే ఒప్పుకోడు, అన్నీ చెప్పేదాకా రంపం ముట్టడు. ఆ షెడ్డు, ఆ అవ్వ పొయ్యి, ఆ మనిషి నాకు దొరకడం నా అదృష్టం. ఈ మాట ఆయన ముందు అంటే "పని జూడు" అంటాడు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ సాయంత్రం మేము వాళ్ల ఇంట్లో గంటకు పైగానే కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయింది. బయట ఆడవాళ్ల చప్పట్లు వినిపిస్తూ ఉన్నాయి. సారు కదలకుండా నిద్రపోతున్నారు. గోడకు చేరగిలబడి తాత కూడా నిద్రపోయాడు. శేషారత్నం గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కరెంటు లేక ఫ్యాను తిరగడం లేదని, విసనకర్ర తీసుకుని ఇద్దరికీ మధ్యన కూర్చున్నారు.